ఇది ఎవల బుగులు?

విమానాశ్రయంలో బయలుదేరేవాళ్ల హాల్లో రోజుకు ఒక్కసారైనా ఆ వాసన వస్తుంది. తూకంలో బరువు ఎక్కువ చూపించిందని చెప్పగానే ఎవరో ఒక కుటుంబం పక్కకు జరిగి, నేలమీదే సూట్‌కేసు తెరుస్తుంది. కలరా ఉండలు, కొత్త బట్టలు, ఎంత బిగించి మూతపెట్టినా దాగని కాకరకాయ కారం, అన్నీ కలిసిన వాసన అది. వాళ్లు ఒక్కో వస్తువూ పైకి తీస్తారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, తీసినదాన్ని తీసినట్టే మళ్లీ లోపల పెట్టేస్తారు. నేను కౌంటర్ వెనక నుంచి "త్వరగా కానివ్వండి, వెనక లైనుంది" అని కసురుతాను. నాకు ఓపిక తక్కువ. వసంతక్క అయితే కౌంటర్ దాటి వచ్చి, వాళ్ల పక్కన గొంతుక్కూర్చుని, ఆ సామాన్లతో తనకేదో చుట్టరికం ఉన్నట్టు ఒక్కోదాని గురించీ అడిగేది. లైను కాస్త ఆలస్యమయ్యేది కానీ సూట్‌కేసు మాత్రం మూతపడేది.

వసంతక్క శంషాబాద్‌లో మా షిఫ్టు ఇన్‌చార్జి. సొంతూరు కొత్వాల్‌గూడ. వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, విమానాశ్రయం తెరిచిన కొత్తలోనే ఉద్యోగంలో చేరింది. సెలవు దొరికితే చాలు, ఆమె ఇంట్లో ఉండేది కాదు. నలుగురైదుగురిని వెంటేసుకుని, అటవీశాఖ అనుమతి తీసుకుని, మంఖాల్ మీదుగా శ్రీశైలం రోడ్డెక్కి నల్లమలకు వెళ్లేది. అక్కడ గది ఉండదు, కరెంటు ఉండదు. వీపు మీద మోసుకెళ్లినదాంతోనే తినాలి, పడుకోవాలి, తిరిగి రావాలి. ఆ ప్రయాణాలకు ఆమె పెట్టిన పేరు 'బతికొచ్చుడు'. "ఈ నెల బతికొచ్చుడు ఎప్పుడక్కా?" అని మేం అడుగుతుంటే కొత్తగా చేరినవాళ్లు బిక్కముఖాలు వేసేవాళ్లు.

ఆమె దగ్గర నేర్చుకున్నదాన్ని చివరికి ఆమె విషయంలోనే వాడాల్సి వచ్చింది. గుండె జబ్బు చేశాక వసంతక్కను ఇంకొక్కసారి అడవికి తీసుకెళ్లాలా వద్దా, తీసుకెళ్తే ఏమేం మోసుకెళ్లాలి అన్నది నేను తేల్చాల్సి వచ్చింది. ఆ సంగతి అర్థం కావాలంటే ముందు నా బ్యాగు సంగతి చెప్పాలి.

మాది గుంటూరు వైపు. నాన్న బ్యాంకు ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లో స్థిరపడ్డాం. నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. స్కూల్లో ఏ విహారయాత్రకూ అమ్మ పంపలేదు. బస్సు కదులుతుంటే పిల్లలంతా కిటికీల్లోంచి చేతులూపేవాళ్లు, నేను గేటు దగ్గర అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడేదాన్ని. ఉద్యోగం వచ్చినా, ముప్ఫై ఏళ్లు దగ్గరపడినా, మందుల షాపుకు దూరంగా ఒక్క రాత్రి కూడా గడపలేదు. ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి, అడవిలో నా ఊపిరి నేను పీల్చుకుని నిద్రపోవాలని ఉండేది. వసంతక్కతో వెళ్తానని చెప్పిన రోజు అమ్మ ఒంటికాలి మీద లేచింది.

"నీకేమన్నా మతిపోయిందటే అమ్మాయ్? అడవిలో ఆయాసం వస్తే ఎవరు చూస్తారు?"

"వసంతక్క ఉంటుందమ్మా."

"ఉంటే? ఆవిడేమన్నా డాక్టరమ్మా?"

నేనూ మొండిదాన్నే. మూడు రోజులు అన్నం దగ్గర మాటల్లేవు. నాలుగో రోజు అమ్మ నోరు మెదపకుండా నా బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. అది ఆమె ఒప్పుకోవడం అనుకున్నాను. నిజానికి నేను మొయ్యలేక మధ్యలోనే వెనక్కి వచ్చేస్తానని ఆమె ఆశ.

బయలుదేరే ముందు రోజు అందరూ తమ బ్యాగులు కొత్వాల్‌గూడలో వసంతక్క ఇంటికి తీసుకెళ్లి విప్పి చూపించాలి. అది ఆమె పద్ధతి. వరండాలో పాత దుప్పటి పరిచి ఉంటుంది. ఆ ఇంటి మీదుగా విమానాలు బాగా కిందికి దిగుతాయి. ఆ చప్పుడు వచ్చినప్పుడు అక్కడి వాళ్లు మాట మధ్యలో ఆపేసి, చప్పుడు పోయాక ఆపినచోటి నుంచే మొదలుపెడతారు. నేను నా బ్యాగు బోర్లించగానే దుప్పటి నిండిపోయి సామాను గచ్చు మీదికి దొర్లింది. మూడు శాలువలు, మంకీ క్యాపు, కందిపొడి, నల్లకారం, నెయ్యి సీసా, పది రకాల బ్లేళ్లున్న చాకు, దిక్సూచి, మాల్‌లో ఎవరో అంటగట్టిన పెద్ద 'సర్వైవల్ కిట్టు', మందు ఆవిరి పట్టే నెబ్యులైజర్ మిషను, దాని వైరుతో సహా.

వసంతక్క మంకీ క్యాపును రెండు వేళ్లతో పైకెత్తింది.

"ఇది ఎవల బుగులు?"

ఆ మాట నాకు తెలియదు. మా ఇంట్లో భయం అంటాం, బెంగ అంటాం. "బుగులంటే ఏంటక్కా?" అని అడిగాను.

"బుగులంటే బుగులే. లోపట గుబగుబ అయితది సూడు, గది." టోపీని నా ముందు ఆడించింది. "చెప్పు, ఎవలది?"

"మా అమ్మది."

"పక్కకు పెట్టు. గీ చాకు?"

"షాపువాడు తీసుకోమన్నాడు."

"షాపోని బుగులు నువ్వెందుకు మోస్తవ్?" తర్వాత ఆమె చెయ్యి నెబ్యులైజర్ మీద పడింది. వైరు చివర పట్టుకుని నా వైపు చూసింది. "దీన్ని యాడ పెడ్తవ్ శైలా? చెట్టుకు ప్లగ్గుంటదా?"

అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అమ్మా నేనూ అంతసేపు కొట్టుకుని సర్దిన బ్యాగులో ఆ మిషను పెట్టేటప్పుడు ఇద్దరిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు మరి. ఇన్‌హేలర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె నవ్వు ఆగిపోయింది. "ఇది బుగులు గాదు. ఇది దవా. ఒకటి నీ జేబుల, ఇంకొకటి నా సంచిల" అంది. ఒక శాలువను నేనే గబుక్కున లాక్కుని, "ఇది మాత్రం నా బుగులే అక్కా, చలికి నాకు ఛాతీ పట్టేస్తుంది" అంటే, "నీదైతే మోసుకో, ఎవలొద్దన్నరు" అని దుప్పటి మీద నుంచి నా వైపు తోసింది. ఆ తర్వాత నేను పెట్టుకోనివి పెట్టించింది. నీళ్ల సీసాలు, ఉప్పు, తాడు, టార్పాలిన్ ముక్క, అటుకులు. అంతా అయ్యాక బ్యాగు ఎత్తి చూసుకుంటే దాదాపు తెచ్చినంత బరువే ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ఇంతసేపూ తీసి తీసి, బరువేం తగ్గలేదు కదక్కా!"

"తగ్గాలన్ననా నేను?" అంది వసంతక్క. "నీది కావాలన్న."

మర్నాడు అడవి మొదట్లో చెక్‌పోస్టు దగ్గర ఆమె మమ్మల్ని ఒకరికొకరిని పరిచయం చేసింది. నా వంతు రాగానే భుజం మీద చెయ్యి వేసి, "ఈమె శైల. ఈమెకు దమ్మున్నది. జర చూసుకోండ్రి" అంది. నేను ఉబ్బిపోయాను. పుట్టి బుద్ధెరిగాక నాకు ధైర్యం ఉందని ఎవరూ అనలేదు. 'చూసుకోండ్రి' అంటే నన్ను చూసి నేర్చుకోమని చెబుతోంది కాబోలు అనుకున్నాను. అంత పెద్ద మాట అన్నాక వెనకబడితే ఏం బాగుంటుంది? అందరికంటే ముందు నడిచాను. ఆగమన్నచోట ఆగలేదు. నీళ్లు తాగమంటే తర్వాత తాగుతానన్నాను. ఎండు గడ్డి మొలలోతు పెరిగిన ఎక్కుడు దగ్గర, గాలికి దుమ్ము లేచి, నా ఛాతీ ఎవరో తాడేసి బిగించినట్టయింది.

ఇన్‌హేలర్ పనిచేసింది. కొంతసేపటికి మాట్లాడగలిగాను కూడా. ఎదురుగా కొండ మలుపు, ఆ మలుపు అవతల జలపాతం. చప్పుడు వినిపిస్తూనే ఉంది. వసంతక్క నా పక్కన కూర్చుని నా ఊపిరి వింటూ ఒకసారి ఎండ వైపు చూసింది. లేచి, "ఇగ తిరుగుదాం" అంది.

"ఇంత దూరం వచ్చి తిరగడమేంటి మేడమ్?" అన్నాడు గుంపులో ఒకాయన. "ఆమెను ఇక్కడ కూర్చోబెట్టి మనం చూసొద్దాం."

"జలపాతం యాడికి పోదు. నడువుండ్రి."

అంతే. ఎవరినీ బతిమాలలేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. ఆ రాత్రి అడవి బయట చెక్‌పోస్టు పక్కనే పడుకుని పొద్దున్నే బస్సెక్కాం. బస్సులో ఎవరూ నాతో మాట్లాడలేదు. నాకు ఏడుపు ఆగలేదు. "మీరు అందరి ముందూ నాకు దమ్ముందన్నారు. మీ పరువు తీశానక్కా" అన్నాను.

ఆమె నా వైపు అయోమయంగా చూసింది. తర్వాత అర్థమైనట్టుంది. ముందు సీటు కమ్మీ పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "పిచ్చి పిల్లా! మా దిక్కు దమ్మంటే ఆయాసమే. బీమారి. ఈమెకు ఆయాసం లేస్తది, జర పైలంగ చూసుకోండ్రి అని చెప్పిన!"

బస్సు నేల తెరుచుకుని నన్ను మింగితే బాగుండుననిపించింది. జబ్బును బిరుదు అనుకుని, ఆ గొప్పతో అందరికంటే ముందు నడిచి, ఆ నడకతోనే జబ్బు తెచ్చుకున్నాను! చెప్పినావిడదీ తెలుగే, విన్నదాన్ని నేనూ తెలుగుదాన్నే. ఆమె నవ్వీ నవ్వీ చెంగుతో కళ్లు తుడుచుకుంది. "పోనీతియ్. ఒక దమ్ము పుట్టుకతోనే వచ్చె. ఇగ రెండోది సంపాయించుకో" అంది. మంఖాల్ దాటాక కిటికీలోంచి చూస్తూ ఇంకో మాట అంది. "పోనీకె ఏం కావాల్నో అందరు సదురుకుంటరు శైలా. నేను మాత్రం మర్లి వచ్చేటందుకు సదురుత. నీకు పానం బాగలేకుంటే తిరగనీకె నీళ్లున్నయా, పొద్దున్నదా, నడిచే మనుషులున్నరా, గదే సూస్తి. ఇజ్జత్ గిజ్జత్ నా సంచిల పెట్టలే."

ఆ తర్వాత నేను నడవడం మొదలుపెట్టాను. డ్యూటీ లేని పొద్దుల్లో బ్యాగులో నీళ్ల సీసాలు నింపుకుని విమానాశ్రయం పక్క సర్వీసు రోడ్డు మీద, ఊపిరి ఎక్కడ మారుతుందో చూసుకుంటూ, మారకముందే ఆగుతూ. లారీ డ్రైవర్లు తలలు బయటపెట్టి చూసేవాళ్లు. ఎవరితోనో కొట్లాడి ఇంట్లోంచి వచ్చేశాననుకున్నారేమో, ఒకాయన లారీ ఆపి బస్‌స్టాండ్ దగ్గర దింపనా అని అడిగాడు. డాక్టరు మందు మార్చాడు, అది కూడా పనిచేసింది. ముందు నడవడం మానేసి వసంతక్క వెనకే నడవడం నేర్చుకున్నాను. మరుసటి చలికాలం జలపాతం చూశాను. ఆ రాత్రి టార్పాలిన్ కింద నా శాలువ కప్పుకుని పడుకుని, నా ఊపిరి చప్పుడు నేను విన్నాను. ఏ తేడా లేకుండా వస్తోంది, పోతోంది. ఎంత సంతోషం వేసిందో! పక్కనున్నవాళ్లను లేపి చెబుదామనిపించింది.

అలా ఏళ్లు గడిచాయి. గుంపును తీసుకెళ్లే పని మెల్లగా నా మీదికి వచ్చింది. ఒక వర్షాకాలం వసంతక్కకు గుండెనొప్పి వచ్చి దవాఖానలో ఉండాల్సి వచ్చింది. స్టెంటు వేశారు. ఉద్యోగం మానేసింది. మోకాళ్లు కూడా అరిగిపోయాయి. ఒకసారి కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. ఆమె కూతురు స్వప్న, స్కూలు టీచరు, తల్లిని కంటికి రెప్పలా చూసుకునేది. ఒక ఆదివారం రమ్మని వసంతక్కే ఫోను చేసింది. నేను వెళ్లేసరికి వరండాలో దుప్పటి పరిచి, దాని మీద తన సామాను పేర్చి ఉంది.

"నన్నొక్కసారి తోలుకపో శైలా" అంది, నేను చెప్పులైనా విడవకముందే.

"నువ్వు ఊకో అమ్మా" అంటూ స్వప్న లోపల్నుంచి వచ్చింది. "శైలక్కా, నువ్వన్న చెప్పు. మెట్లెక్కితేనే ఆగమాగం అయితున్నది. అడివిల ఏమన్న అయితే?"

తలమీద విమానం వచ్చింది. ముగ్గురం ఆగాం. ఆ చప్పుడు పోయేలోగా నాకు వెంటనే 'వద్దక్కా' అనాలనిపించింది. అనేస్తే అందరికీ సుఖం. చప్పుడు పోయింది. ఆలోచించుకుని చెబుతానన్నాను.

ఇంటికి వెళ్లి ఆ 'వద్దు'ను విప్పి చూసుకున్నాను. అది ఎవరి బుగులు? స్వప్నది ఉంది, అది నిజమైనదే, తన కన్నతల్లి కదా. కానీ నా నోటిదాకా వచ్చినది స్వప్న కోసం కాదు. వసంతక్కకు ఏమైనా అయితే అది నా చేతుల మీద జరగకూడదన్నది నా బుగులు. నా బుగులును ఆమె ఎందుకు మోయాలి? మా అమ్మ భయం మోస్తూ నేను స్కూలు గేటు దగ్గర నిలబడ్డది చాలదా? మర్నాడు ఆమె డాక్టరు దగ్గరికి నేనే వెళ్లాను. కొండలెక్కకూడదని, సమంగా ఉన్న నేల మీద మెల్లగా నడవొచ్చని, ఆసుపత్రికి మరీ దూరం పోవద్దని ఆయన చెప్పాడు. ప్రమాదమే లేదని మాత్రం తాను రాసివ్వలేనన్నాడు. ఆ మాటను ఉన్నదున్నట్టు స్వప్నకు చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చి, "మీ ఇష్టం, నేనైతే ఒప్పుకోను" అంది. అక్కతో, "తీసుకెళ్తానక్కా. జలపాతానికి కాదు, అడవి మొదట్లో ఉన్న వాగు దగ్గరికి. జీపు మనకు దగ్గర్లోనే ఉంటుంది" అన్నాను.

"వాగయితే వాగాయె" అంది.

ఆ ప్రయాణానికి ఏం మొయ్యాలో నాకు తెలిసిపోయింది. ఆమె మందులు నా జేబులో, ఆమె నీళ్లు నా బ్యాగులో, ఆమె పరుపు చాప ఇంకొకరి వీపు మీద. జీపు దిగి ఆఖరి వస్తువు నా వీపుకు తాళ్లతో కట్టుకున్నాను. వాళ్ల వరండాలోని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. గుంపులో ఒకడు "పెళ్లికి పోతున్నమా అక్కా?" అని ఈల వేశాడు. వసంతక్క వెనక్కి తిరిగి చూసి మండిపడింది.

"గిదేంది? అడివికి కుర్చీ తెస్తరా ఎవలన్న? నా ఇజ్జత్ తీస్తున్నవ్. ఇది ఎవల బుగులు?"

"బుగులు కాదక్కా, కుర్చీ" అన్నాను. "మీరు కింద కూర్చుంటే లేవలేరు."

ఆమె కుర్చీని ఎగాదిగా చూసింది. ముందుకు తిరిగి నడిచింది. కొమ్మలకు కుర్చీ కాళ్లు తగులుకుంటున్నాయి, నేను వంగి వంగి నడుస్తున్నాను, వెనకవాళ్లు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. పదడుగులకోసారి ఆగుతూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, వసంతక్క వాగు దాకా నడిచింది. గులకరాళ్ల మీద కుర్చీ వేశాను. చెప్పులు విడిచి, నీళ్లలో కాళ్లు పెట్టి, ఊరి పెద్దలా చేతులు రెండు పక్కలా చాపి కూర్చుంది. సాయంత్రమంతా అక్కణ్నుంచే మా మీద పెత్తనం చేసింది. పొయ్యి గాలి తగిలేచోట పెట్టామని తిట్టింది, అటుకుల్లో ఉప్పు చాల్లేదని తిట్టింది. పొద్దు వాలుతుండగా నన్ను పిలిచి దగ్గర కూర్చోమంది. నీళ్లలో కాళ్లు ఆడిస్తూ వాగు అవతలి చెట్ల వైపు చూసింది.

"మంచిగున్నది శైలా" అంది. "మస్తు మంచిగున్నది."

తెల్లవారాక తనే లేచి, "ఇగ తిరుగుదాం" అంది. వచ్చినట్టే నడిచి జీపెక్కింది.

ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. నేను వెళ్లేసరికి వరండా నిండా జనం. స్వప్న నన్ను చూసి లేచి నిలబడి, అందరి ముందూ అంది. "నువ్వు తోలుకపోకుంటే మా అమ్మ ఇంకొన్ని రోజులు బతుకుతుండె."

నా దగ్గర జవాబులున్నాయి. డాక్టరు నడవొచ్చన్నాడు. అక్క తనే అడిగింది. వచ్చాక చాలా వారాలు బాగానే ఉంది. ఒక్కటీ చెప్పలేదు. స్వప్న చెప్పినది తప్పని నాకెలా తెలుసు? నిజమే కావచ్చు. ఆ మాటను నేను ఎన్నోసార్లు బయటికి తీసి చూసుకున్నాను. ఇది మా అమ్మది కాదు, షాపువాడిది కాదు, స్వప్నది కూడా కాదు. తీసుకెళ్లాలని తేల్చింది నేను, కాబట్టి ఇది నాది. మోస్తున్నాను. అడవికి వెళ్లడం మానలేదు. మళ్లీ అలా ఎవరైనా అడిగితే మళ్లీ కుర్చీ కట్టుకుంటాను.

ఈ వారం మళ్లీ ప్రయాణం ఉంది. నిన్న డ్యూటీలో టీ తాగుతుంటే ఫోను మోగింది. అన్ని నెలల తర్వాత స్వప్న గొంతు.

"శైలక్కా, శనివారం పోతున్నరంట గదా."

"అవును."

"అమ్మ కూసున్న వాగు కాడికేనా?"

"అక్కడికే."

అవతల విమానం చప్పుడు. ఇద్దరం ఆగాం.

"నేను గూడ వస్త" అంది, చప్పుడు పోయాక. "గని ఒక్కటి చెప్తున్న. నా కోపం పోలే. అది గూడ ఎంట తెచ్చుకుంట."

"తెచ్చుకో" అన్నాను. "నీ నీళ్లు నేను మోస్తాను."